పరలోకమును, అన్యమతస్థులైన ఆప్తులును



నేటి నా ప్రసంగవిషయము మరణమునకు సంబంధించినది. దినమెల్ల పొలములో శ్రమించి వచ్చి, అరుగుమీద నలుగురు కూడి రేడియో వినునట్టి వేళ నిట్టి మాటలెందుకని కొందఱనవచ్చును. కాని చావు చొరని యిల్లు లోకమున లేదు. మఱియు నేడు మన పల్లెలలో నొక విశేషము కలదు. ఒకే యింట తల్లి తులసికోటకు దీపము పెట్టును. పెద్దకుమారుడు ఆదివారము నాడు మందిరమునకు పోయి క్రైస్తవప్రార్థన చేయును. చిన్నవాడు ఏ దేవుడును లేడనును. బ్రతికియున్నంత కాలము వీరు మువ్వురును ఒక్క పొయ్యిమీది కూడు తినుచు సుఖముగనే యుందురు. తల్లి పోయిన నాడు మాత్రము ఆ క్రైస్తవకుమారుని యెదలో నొక ముల్లు నాటుకొనును. "నా తల్లి నా ప్రభువును నమ్మలేదు. ఇప్పుడామె యెక్కడ నున్నది?" అని. ఈ ముల్లును అతడెవ్వరికిని చూపలేడు. తన సంఘమువారికి చెప్పినచో విశ్వాసము సన్నగిల్లినదందురు. పరులకు చెప్పినచో నవ్వుదురు.

ఆ ముల్లు నాకును నాటుకొన్నది. కావున పుస్తకములయందు చదివినదియు, అనుభవమున తెలిసికొన్నదియు కలిపి మీతో మనవి చేసెదను.

నేను క్రైస్తవుడను. మా తాతగారి కాలమున మెదకు ప్రాంతమున మా కుటుంబము ఆ మతమును స్వీకరించినది. నాకు తెలుగు నేర్పిన గురువుగారు మాత్రము శ్రీవైష్ణవులు. నాకు పండ్రెండవ యేట వారు నన్ను బడిలో పిలిచి, "ఓరీ, నీకు పద్యము చదువు గొంతున్నది గాని సంధుల జ్ఞానము లేదు. సాయంకాలము మా యింటికి రమ్ము" అనిరి. పోయితిని. వీధివారు గొణిగిరి. గురువుగారు విననట్లుండిరి. వారి యరుగుమీదనే శబ్దమంజరి, అమరము, బాలవ్యాకరణము, భారతమున కొన్ని పర్వములు చదివితిని. మొదటి యేడు నాకు దాహమైనప్పుడు గురుపత్నిగారు ఎత్తునుండి నా దోసిటిలో నీరు పోసెడివారు. రెండవ యేట నొక వేసవినాడు ఎండలో నడిచి వచ్చిన నాకు ఆమె లోపలినుండి గ్లాసు తెచ్చి చేతికిచ్చిరి. ఆ మార్పును గూర్చి ఆమె యేమియు ననలేదు, గురువుగారును అనలేదు, నేనును అనలేదు. మఱునాటినుండి ఆ గ్లాసు నాకలవాటైపోయినది.

ఒకనాడు వారు నా సంచిలోని తెలుగు బైబిలును చూచి, కొండమీది ప్రసంగమును నాచేత చదివించుకొని వినిరి. విని, "వాక్యములు కొన్ని కుంటుచున్నవి. విసంధి మెండుగ నున్నది. కాని చెప్పినవాడు సామాన్యుడు కాడు" అనిరి. అంతే. మఱల పాఠములోనికి వచ్చితిమి.

కాలక్రమమున నేనును తెలుగు పండితుడనై, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పొందితిని. గురువుగారు వార్ధక్యమున హైదరాబాదునకు వచ్చి తార్నాకలో కుమారుని యింట నుండిరి. ఆ కుమారునికి ఉస్మానియా విశ్వవిద్యాలయమున నుద్యోగము. నేనును అచ్చటనే నివాసమేర్పఱచుకొంటిని. తార్నాక యనగా విశ్వవిద్యాలయమున కానుకొనియున్న పేట. ఉర్దూభాషలో తారు అనగా తీగ, నాకా యనగా కాపలాయుండు చోటు. పూర్వమచ్చట తీగకంచెయు, కాపలాయు నుండుటచే నా పేరు వచ్చినదని పెద్దలందురు. నేడచ్చట కంచెయు లేదు, కాపలాయు లేదు. 2017వ సంవత్సరమునుండి తలపైని మెట్రో రైలు పోవుచున్నది.

గురువుగారికి కన్ను మందగించినది. దినదినము సాయంకాలము పోయి భారతము చదివి వినిపించెడివాడను. వారి చివరి యాఱు మాసములలో నా మనస్సున నొక సంఘర్షణము జరుగుచుండెను. మా సంఘమువారొకరు, "మీరాయనకు సువార్త చెప్పితిరా?" అని యడిగిరి. నేను చెప్పలేదు. గురువునకు శిష్యుడు బోధించుట మర్యాద గాదనుకొంటినో, వారి మనస్సు నొచ్చునని జంకితినో, లేక నా విశ్వాసమే బలహీనమో, నేటికిని నేను నిశ్చయింపలేకున్నాను. ఒక సాయంకాలము వారు నిద్రించిరి, మఱల లేవలేదు.

అంత్యక్రియలనాడే నాకు తెలిసిన యొకాయన నా చెవిలో, "పండితుడైన నేమి లాభము? నమ్మకయే పోయెను గదా! నరకమే గతి" అనెను. ఆయన పేరు నాకనవసరము. దయలేనివాడును కాడు, తాను నేర్చినది తాననెను. కాని ఆ మాట నన్నింటివఱకు వెంబడించినది.

పదుమూడవ దినము గడచిన పిదప నొక ప్రాతఃకాలమున గురుపుత్రుడును నేనును విశ్వవిద్యాలయ ప్రాంగణమున నడచి, ఆర్ట్సు కళాశాల మెట్లమీద కూర్చుంటిమి. ఆ సౌధము 1939వ సంవత్సరమున ప్రారంభింపబడినది. గులాబిచాయ గల గట్టిరాతితో కట్టినది. తురకల కమానులును, ఎల్లోరా పోలిక గల స్తంభములును నందు కలిసియున్నవి. అతడు కొంతసేపూరకుండి, "అన్నగారూ, మీరు తప్పుగా ననుకొనకున్నచో నొకటడుగుదును. మీ శాస్త్రము ప్రకారము మా నాన్నగారు ఇప్పుడెక్కడ నున్నారు?" అని యడిగెను.

ఆ ప్రశ్నలో నెత్తిపొడుపు లేదు. తండ్రిని కోల్పోయిన కుమారుడు తండ్రి శిష్యుని అడిగిన ప్రశ్న యది. నేను సమాధానము చెప్పలేకపోయితిని. "తమ్ముడా, నాకు కొంచెము గడువిమ్ము" అంటిని. ఆ గడువులో నేను వెదకినది నేడు మీ యెదుట నుంచుచున్నాను.

మొదట క్రైస్తవగ్రంథమున కఠినవాక్యములు లేవని నేను చెప్పను. చెప్పినచో నది మోసమగును. ఇఱుకు ద్వారమును గూర్చియు, ఆఱని యగ్నిని గూర్చియు, వెలుపటి చీకటిని గూర్చియు స్వయముగ యేసే పలికెను. ధనవంతుడును, వాని వాకిట పడియున్న పుండ్ల లాజరును గల కథలో, చనిపోయిన పిమ్మట వారిరువురి నడుమ దాటరాని యగాధమున్నదని చెప్పెను. అయితే ఆ కథలో ధనవంతుడు దేనివలన నష్టపోయెను? ఏ మతసిద్ధాంతమును కాదన్నందున నని యచ్చట లేదు. వాకిటనున్న యాకలిగొన్నవానిని చూచియు చూడనందువలన నని కథనుబట్టి తెలియుచున్నది.

మత్తయి సువార్త యిరువదియైదవ యధ్యాయమున నంత్యతీర్పు వర్ణింపబడినది. అచ్చట కుడివైపున నిలిచినవారికి, తాము ప్రభువునకు పరిచర్య చేసితిమని తెలియనే తెలియదు. ఆకలిగొన్నవానికన్నము, దప్పిగొన్నవానికి నీరు, చెఱలో నున్నవానికి పరామర్శ, ఇవి తాము చేసినవి. అవి తనకే చేసినట్లు ప్రభువు లెక్క వ్రాసికొనెను. వారే ఆశ్చర్యపడిరి. ఈ యధ్యాయమును చదివినప్పుడెల్ల నాకు గురుపత్నిగారి చేతి గ్లాసు కనబడును.

ఇక క్రైస్తవసంఘములన్నియు నీ విషయమున నేకాభిప్రాయముతో నున్నవా? లేవు. ఇది మన పల్లెలలో చాలమందికి తెలియదు. నాల్గవ శతాబ్దమున నిస్సా పట్టణపు గ్రెగొరీ యను పీఠాధిపతి, దేవుని శిక్ష బంగారమును పుటము పెట్టునట్టిదనియు, తుదకు సర్వమును దేవునియందు చక్కబడుననియు నాశించెను. 430వ సంవత్సరమున మరణించిన అగస్టీను మహాపండితుడు దీని నంగీకరింపక, నిత్యదండనమే కలదని వాదించెను. పాశ్చాత్యసంఘములు మిక్కిలిగా నగస్టీను మార్గమును పట్టినవి. రోమను కథోలికులు మృతులకొఱకు ప్రార్థింతురు. పాపశేషము పరిశుద్ధమగుటకు ఉత్తరించు స్థలమొకటి కలదని వారి సిద్ధాంతము. నవంబరు 2వ తేదీన సమాధుల పండుగనాడు సమాధులకు సున్నము కొట్టి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించుట మీరును చూచియుందురు. ప్రొటెస్టంటు సంఘములు ఉత్తరించు స్థలమును త్రోసివేసినవి. మృతులకొఱకు ప్రార్థించు నాచారమును చాలవఱకు మానినవి. కావుననే మా వారికి దుఃఖమున చేతులకు పనిలేకపోయినది. దీపమైన వెలిగింపరాదు, పిండమైన పెట్టరాదు, ప్రార్థనయైన చేయరాదన్నచో, ఏడ్చువాడేమి చేయవలెను?

1964వ సంవత్సరము నవంబరు 21వ తేదీన రోమను కథోలికుల రెండవ వాటికను మహాసభ యొక ముఖ్యశాసనమును ప్రకటించినది. తమ దోషము లేకయే సువార్తనెఱుగని వారు, నిష్కపటముగ దేవుని వెదకుచు, అంతరాత్మ చెప్పినట్లు నడచుకొన్నచో, వారికిని రక్షణ కలుగవచ్చునని యందున్నది. ప్రొటెస్టంటులలో దీనికి సమ్మతించువారును కలరు, సమ్మతింపనివారును కలరు. యేసును నోటితో నొప్పుకొననిదే రక్షణ లేదని గట్టిగ నమ్మువారు నా యాప్తులలోనే కలరు. వారిని నేను నిందింపను. వారును గ్రంథమునే చూపుచున్నారు.

ఈ దుఃఖము క్రొత్తది కాదు. మన గోవాలో నెవరి దేహముంచబడియున్నదో ఆ ఫ్రాన్సిసు జేవియరు 1549వ సంవత్సరమున జపాను దేశమునకు పోయెను. అచ్చట క్రైస్తవులైనవారు, తమ తాతముత్తాతల గతి యేమని యడిగిరి. నరకమునుండి విడుదల లేదని యతడు చెప్పగా వారు కన్నీరుమున్నీరుగ నేడ్చిరి. ఆ యేడుపును చూచి తనకును దుఃఖము కలిగినదని అతడే 1552వ సంవత్సరమున వ్రాసిన లేఖలో చెప్పుకొన్నాడు. ఐరోపాఖండమున ఫ్రీసియనుల రాజైన రాడ్‌బోడును గూర్చి మఱియొక కథ కలదు. బాప్తిస్మమునకై యొక కాలు నీటిలో పెట్టి, "మా పూర్వులెక్కడ నున్నారు?" అని యడిగెనట. నరకమున నున్నారని విని, "ఆ కొద్దిమందితో పరలోకమున నుండుటకంటె మా వారితో నచ్చటనే యుందును" అని కాలు వెనుకకు తీసికొనెనట. ఆ రాజు 719వ సంవత్సరమున మరణించెను. కథ యెంతవఱకు నిజమైనను, అందలి మనస్సు నిజమైనది.

నా వంటి శిష్యుని దుఃఖమును పూర్తిగ నెఱిగినవాడు ఇటలీ మహాకవి దాంతే. అతడు 1321వ సంవత్సరమున మరణించెను. పరలోకయాత్రను గూర్చి యతడు వ్రాసిన మహాకావ్యమున, అతనికి దారి చూపువాడు వర్జిలు. వర్జిలు క్రీస్తు పుట్టుటకు ముందే గతించిన లాటిను కవి, దాంతేకు కవితాగురువు. నరకమునుండి, ఉత్తరించు కొండపైవఱకు, గురువు శిష్యుని చేయి పట్టుకొని నడిపించును. కాని పరలోకమున గురువునకు ప్రవేశము లేదు. శిష్యుడు వెనుదిరిగి చూచునప్పటికి గురువు కనబడడు, శిష్యుడేడ్చును. దాంతే తన మతసిద్ధాంతమును తప్పలేదు, తన కన్నీటిని దాచలేదు. విచిత్రమేమనగా, ఆ కావ్యమున తుదిభాగమునందు పరలోకములో క్రైస్తవేతరులైన యిద్దఱు కనబడుదురు. ఒకడు రోమా చక్రవర్తి ట్రాజను. రెండవవాడు రిఫియసు, వర్జిలు తన కావ్యమున పేరుమాత్రము చెప్పి విడిచిన యొక ధర్మాత్ముడు. వీరెట్లు వచ్చిరని దాంతే విస్తుపోవును. దేవుడెవరినెన్నుకొనెనో చూచువారికిని పూర్తిగ తెలియదనియు, మనుజులు తీర్పు చెప్పుటలో నోరు బిగపట్టుకొనవలెననియు నచ్చట బోధింపబడును.

మన తెలుగునాటను ఆలోచింపుడు. గుఱ్ఱము జాషువగారు 1895వ సంవత్సరమున వినుకొండలో జన్మించిరి. క్రైస్తవకుటుంబమున పుట్టినవారు. 1971వ సంవత్సరమున గతించిరి. వారి శ్మశానవాటి పద్యములను హరిశ్చంద్రనాటకమున పాడగా మీలో వినని వారుండరు. రాత్రి రెండవ జాముదాక మేలుకొని ఆ పద్యములకు కన్నీరు కార్చిన ప్రేక్షకుడెవ్వడును కవి మతమేదని యడిగియుండడు. వారి క్రీస్తుచరిత్ర కావ్యమునకు 1964వ సంవత్సరమున కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అట్టి కవి కుమార్తె హేమలతగారు నాస్తికోద్యమనాయకులైన గోరాగారి యింటి కోడలైరి. ఒక వియ్యంకుడు క్రీస్తును కీర్తించినవారు, ఒక వియ్యంకుడు దేవుడే లేడన్నవారు. హేమలతగారు, వారి భర్త లవణముగారును స్టువర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబముల నడుమ పనిచేసిరి. జోగిని యాచారమును మాన్పుటకు నిజామాబాదు ప్రాంతమున పాటుపడిరి. 2008వ సంవత్సరమున ఆమె మరణించిరి. చెఱసాలలోనివారిని పరామర్శించినవారిని ప్రభువు కుడివైపున నిలుపుననిన యధ్యాయము చేతబట్టుకొని, ఆమెను గూర్చి తీర్పు వ్రాయుటకు నాకు కలమాడదు.

ఇట్లు చదువగా చదువగా నాకొక సంగతి స్పష్టమైనది. యేసు పలికిన కఠినవాక్యములన్నియు వినుచున్న జీవించియున్నవారికి చెప్పినవి. "నీవు మేలుకొనుము" అని చెప్పినవి. అవి యే పాడె యొద్దను పలుకబడలేదు. సువార్తలలో ఆయన మరణము నెదుర్కొనిన ఘట్టములు మూడు కలవు. నాయీను గ్రామమున నొక విధవరాలి యొక్కగానొక్క కుమారుని పాడె యెదురుపడినది. ఆయన ఆ తల్లిని చూచి కనికరించెను. చనిపోయిన పిల్లవాడేమి నమ్మెనని యడుగలేదు. యాయీరు కుమార్తె చనిపోయినప్పుడు తండ్రికి ధైర్యము చెప్పెను. లాజరు చనిపోయినప్పుడు మార్తను నమ్ముచున్నావా యని యడిగెను. ఆ ప్రశ్న బ్రతికియున్న మార్తకు, చనిపోయిన లాజరును గూర్చి కాదు. పిమ్మట తానే యేడ్చెను. తానింకొక ముహూర్తమున లేపబోవుచున్నాడని తెలిసియు నేడ్చెను. కావున దుఃఖించుట యవిశ్వాసము కాదు. పాడెకడ తీర్పు చెప్పుట మాత్రము మాకు గురువు నేర్పిన పని కాదు.

మఱియొకటి. సిలువమీద నొక దొంగ కడయూపిరిలో ప్రభువును వేడికొనగా నతనికి పరదైసు లభించెను. వాని తల్లి దూరమునుండి చూచుచుండినచో, ఆ మాట యామెకు వినబడియుండదు. తన బిడ్డ దొంగగనే చచ్చెననుకొనుచు నింటికి పోయియుండును. కడయూపిరిలో ఆత్మకును దేవునికిని నడుమ జరుగునది ప్రక్కనున్నవారికి తెలియదు. యేసు మరణించి, పునరుత్థానమగుటకు ముందు మృతులలోకమునకు దిగెనని అపొస్తలుల విశ్వాసప్రమాణమున కలదు. అచ్చటివారికి ప్రకటించెనని పేతురు మొదటి పత్రిక చెప్పును. ఈ వాక్యములకు వ్యాఖ్యాతలు వేర్వేఱు అర్థములు చెప్పిరి. మరణానంతరము తప్పక మఱియొక యవకాశము కలదని వీనినిబట్టి నేను సిద్ధాంతము చేయను. మృతులలోకము సైతము ఆయన యడుగుపెట్టని చోటు కాదని మాత్రము ధైర్యము తెచ్చుకొందును.

ఇక నన్ను మిక్కిలి యోదార్చినది చెప్పెదను. మోషే తన జనులు పాపము చేసినప్పుడు, వారిని క్షమింపనిచో తన పేరును సైతము నీ గ్రంథమునుండి తుడిచివేయుమని దేవుని వేడెను. అపొస్తలుడైన పౌలు, తన స్వజనులు క్రీస్తును నమ్మనందున తనకు మానని దుఃఖము కలదనియు, వారికొఱకై తానే క్రీస్తునుండి వేఱైనను సమ్మతమేననియు రోమీయులకు వ్రాసెను. నమ్మని యాప్తులకొఱకు దుఃఖించుట విశ్వాసలోపమైనచో, పౌలే మొదటి దోషి యగును.

గురువుగారికి నేను కడపట చదివి వినిపించినది తిక్కనగారి స్వర్గారోహణపర్వము. ధర్మరాజు స్వర్గమునకు పోయి, అచ్చట తమ్ములును ద్రౌపదియు లేకుండుట చూచి, వారున్నచోటికే తన్ను గొనిపొమ్మనును. వారు నరకమున నార్తనాదము చేయుట విని, తన యునికి వారికి కొంచెము చల్లదనము గలిగించుచున్నదని తెలిసి, తానచ్చటనే యుందుననును. అది విని గురువుగారు రామానుజాచార్యుల కథ చెప్పిరి. తిరుక్కోట్టియూరు నంబి రహస్యమంత్రము నుపదేశించి, దీనిని వెల్లడించినచో నీకు నరకమనెను. రామానుజులు గోపురమెక్కి యందఱకు వినబడునట్లు చెప్పి, పెక్కుమంది తరించుటకై నేనొక్కడను నరకమునకు పోయిన నేమి యనిరి. ఈ కథ ముగించి గురువుగారు నాతో, "చూడుము, ఒంటరిగ పోవు స్వర్గము పెద్దలకెవ్వరికిని రుచింపలేదు" అనిరి. అప్పుడది కథపై వ్యాఖ్యానమనుకొంటిని. వారు పోయిన పిదప, మోషేను పౌలును మఱల చదువునప్పుడు, ఆ మాట నాకొఱకే చెప్పిరేమో యనిపించినది.

నేను వారికి సువార్త చెప్పలేదన్న బాధ తీరినదా? తీరలేదు. గురువుతో నా ప్రాణమునకు ప్రియమైన దానిని గూర్చి నేను మనస్సు విప్పి మాటలాడియుండవలసినది. మతము మార్చుటకు కాదు, దాపఱికము లేకుండుటకు. వారు భక్తితో రామానుజులను గూర్చి చెప్పినట్లే నేనును యేసును గూర్చి చెప్పియున్నచో వారు కోపింపకుందురు. ఆ లోపమునకు క్షమాపణము వేడుచున్నాను. కాని నా మౌనముచేత నొక యాత్మ నశించునంత చిన్నది దేవుని కరుణ యని నేను నమ్మజాలను.

గ్రామపెద్దలకు కొన్ని మనవులు. మీ యూరిలో నిట్టి కలగలుపు కుటుంబమున మరణము సంభవించినప్పుడు, ఖననమా దహనమా యని పాడెకడ తగవు పెరుగనీయకుడు. చనిపోయినవారి కోరిక యేమని మొదట విచారింపుడు. బ్రతికినప్పుడే యడిగి తెలిసికొనుట మఱియు మేలు. వారే పద్ధతిలో జీవించిరో ఆ పద్ధతిలో సాగనంపుట న్యాయము. క్రైస్తవుడైన కుమారుడు మనస్సాక్షికొప్పని కర్మ చేయలేనన్నచో బలవంతపెట్టకుడు. పాడె మోయుటకు, కట్టె తెచ్చుటకు, వచ్చినవారికి నీరిచ్చుటకు నతనికి భుజము కలదు. పాస్టరుగారు వచ్చినచో, చనిపోయినవారి గతినిగూర్చి తీర్పు చెప్పక, వారు చేసిన మేలును స్మరించి, ఏడ్చువారికొఱకు ప్రార్థింపుమని మర్యాదగ కోరుడు. కర్మకాండ జరుపువారును, ఆ క్రైస్తవపుత్రునివలన తండ్రికి గతి లేదని యెత్తిపొడువరాదు. గాయము ఏ వైపునుండి తగిలినను గాయమే.

ఆప్తులను కోల్పోయిన క్రైస్తవసోదరులకును ఒక మాట. చేతులకు పని కల్పించుకొనుడు. చనిపోయినవారు మీకు చేసిన మేలును పేరుపేరున చెప్పి దేవునికి కృతజ్ఞత చెల్లింపుడు. ఏ సంఘమును దీనిని కాదనలేదు. తరువాత వారిని దేవునికప్పగింపుడు. అప్పగించుట యనగా తీర్పు తెలిసికొనుట కాదు. తీర్పు చేతిలోనున్నవానిని నమ్ముట. అబ్రాహాము దేవునితో వాదించుచు, సర్వలోకమునకు తీర్పరియైనవాడు న్యాయము చేయడా యని యడిగెను. ఆ ప్రశ్నపై నెంత బరువైన దుఃఖమునైనను మోపవచ్చును.

మూడు వారములకు గురుపుత్రుడును నేనును మఱల ఆ మెట్లమీదనే కూర్చుంటిమి. నేనిట్లంటిని: "తమ్ముడా, నాన్నగారెక్కడ నున్నారో నాకు తెలియదు. తెలియునని చెప్పువారిని నేను నమ్మను. నేనెఱిగిన దేవుడు దాహమునకిచ్చిన గ్లాసెడు నీటిని మఱవనివాడు. మీ యమ్మగారు నాకిచ్చిన నీరును, నాన్నగారిచ్చిన చదువును ఆయనకు తెలుసు. ప్రతిదినము ప్రార్థనలో వారిద్దఱి పేర్లును ఆయన యెదుట చెప్పుచున్నాను. నాకు పరలోకము ప్రాప్తించినచో, వాకిట నిలిచి మొదట వారినిగూర్చియే యడుగుదును."

అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "నాన్నగారును మీకొఱకు ప్రతిదినము పెరుమాళ్ల కడ నొక తులసిదళముంచెడివారు. మీకు చెప్పవద్దనిరి" అనెను.

ఆ మాట వినువఱకు నాకాసంగతి తెలియదు. నేను వారికి నా విశ్వాసమును చెప్పలేదు. వారు నాకు తమ తులసిని చెప్పలేదు. ఇరువురమును ఒకరికొఱకొకరము దేవునియొద్ద మనవి చేసికొనుచుంటిమి. ఎవరి మనవి యెట్లు వినబడునో చెప్పుటకు నేను చాలను. చెప్పకుండ దాచుకొన్న ప్రేమను బ్రతికియుండగనే చెప్పుకొనుట మేలని మాత్రము మీకు మనవి చేసి సెలవు గైకొనుచున్నాను.